యానాం: గౌతమీ తీరాన ఫరాసువారి తెలుగు సీమ

సేత్తూరు నుండి బయలుదేరి పుదుచ్చేరి చేరిన ప్రయాణికుడు, ఆ ప్రభుత్వపు ఏలుబడిలోనే ఉన్న మరొక ఊరిని చూడదలచినచో, చెన్నపట్టణం దాటి, నెల్లూరు, విజయవాడ, రాజమహేంద్రవరం మీదుగా మరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయవలసి ఉంటుంది. దారిపొడుగునా తమిళనాడు, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్. చివరకు గోదావరీ సముద్ర సంగమానికి కొద్ది దూరంలో, కొబ్బరితోటల నడుమ, మళ్లీ పుదుచ్చేరి ప్రభుత్వపు కార్యాలయాలు ప్రత్యక్షమవుతాయి. అక్కడ బల్లలమీద వ్రాసి ఉన్న అక్షరాలు తమిళం కావు, తెలుగు. ఆ ఊరే యానాం.

ఒక రాజ్యానికి లేదా రాష్ట్రానికి చెందినదై ఉండి, ప్రధాన భూభాగంతో కలియక, ఇతరుల నేల మధ్య చిక్కుకొని ఉండే ప్రాంతాలు ప్రపంచంలో అక్కడక్కడ కలవు. అజర్‌బైజాన్ దేశానికి చెందిన నఖిచెవాన్ అట్టిదే. దానికీ మాతృదేశానికీ నడుమ ఆర్మీనియా అడ్డుగా ఉన్నది. అది స్వయంప్రతిపత్తి గల గణరాజ్యంగా కొనసాగుతున్నది. రష్యాకు కాలినిన్‌గ్రాడ్, అమెరికాకు అలాస్కా ఇటువంటివే. భూగోళపాఠంలో ఈ పేర్లు చదివే తెలుగు విద్యార్థికి, తన భాష మాట్లాడే అటువంటి సీమ ఒకటి గోదావరి ఒడ్డున ఉన్నదని సాధారణంగా తెలియదు. నఖిచెవాన్ వైశాల్యం సుమారు 5,500 చదరపు కిలోమీటర్లు కాగా, యానాం వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అయినను ఈ ముప్పది కిలోమీటర్ల నేల చరిత్ర చిన్నది కాదు.

అఖండ గోదావరి ధవళేశ్వరం వద్ద చీలి అనేక పాయలుగా సముద్రం వైపు సాగుతుంది. సప్తగోదావరులని పురాణాలు చెప్పే ఆ పాయలలో గౌతమి ప్రధానమైనది. ఆ గౌతమి నుండి కోరింగ పాయ విడిపోయే చోట యానాం పట్టణం వెలసినది. ఈ కోరింగ పాయనే ఆత్రేయ అని కూడ పిలుస్తారు. కాకినాడ ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. నదికి ఆవలి ఒడ్డున ఎదుర్లంక, అక్కడినుండి కోనసీమ. ఒకనాడు ఈ రెండు ఒడ్డుల నడుమ పడవలు, పంటులే శరణ్యం. లోక్‌సభ సభాపతిగా ఉండి 2002లో దుర్మరణం పాలైన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టబడిన వారధి ఇప్పుడు యానాంను ఎదుర్లంకతో కలుపుతున్నది. యానాం పట్టణంతో పాటు కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం, కురసాంపేట, ఫరంపేట, గిరియాంపేట, దరియాలతిప్ప మొదలైన ఊళ్లు ఈ ప్రాంతంలో కలవు. తిప్ప అనగా నది మేటవేసిన ఇసుకదిబ్బ. అక్కడి ఊళ్ల పేర్లలోనే నది ఉన్నది.

నది ఇచ్చినదెంతో, సముద్రం తీసుకొన్నదీ అంతే. 1789 డిసెంబరులో కోరింగ రేవును ముంచిన ఉప్పెనను పరిశీలించిన హెన్రీ పిడింగ్‌టన్ అనే ఆంగ్లేయుడు, సుడి తిరిగే ఇటువంటి గాలివానకు పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. నేడు ప్రపంచమంతట వాడుకలో ఉన్న ఆ మాట వెనుక యానాం పొరుగూరి విషాదం ఉన్నదన్న సంగతి గమనింపదగినది. మరల 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరింగ రేవును కోలుకోలేని దెబ్బ తీసినది. యానాం కూడ ఆ విపత్తులో తీవ్రంగా నష్టపోయినది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను, యానాంను తాకిన తుపాను ఇప్పటి నడివయసు వారికి బాగుగా జ్ఞాపకమే. గోదావరి వరదలు సరేసరి. 1986 ఆగస్టు వరదను అక్కడి వృద్ధులు నేటికీ కొలబద్దగా వాడుతారు. 2022 జూలైలో మరొకసారి పట్టణ వీధులలో నీరు నిలిచినది.

ఇంతటి ప్రమాదస్థలంలో పరాయిదేశపు వర్తకులు ఎందుకు స్థిరపడినారు? జవాబు ఒక్కటే, బట్ట. గోదావరి పాయల పొడుగునా సాలెవారి మగ్గాలపై నేసిన నూలు వస్త్రాలకు ఐరోపాలో ఎనలేని గిరాకీ ఉండేది. డచ్చివారు ముందుగా వచ్చి ఈ ప్రాంతంలో బట్టల వ్యాపారంతో పాటు నీలిమందు వ్యాపారమును సాగించారు. ఆంగ్లేయులు యానాం ప్రక్కనే ఉన్న ఇంజరంలో వర్తకశాల నెలకొల్పుకొన్నారు. ఫ్రెంచివారు, అనగా మన పూర్వులు ‘ఫరాసులు’ అని పిలిచినవారు, 1723లో యానాంలో అడుగుపెట్టారు. వ్యాపారం గిట్టక 1727లో వదలి పోయారు. 1731లో తిరిగి వచ్చారు. నేతగాడు ఒకడే, అతని గుమ్మం ముందు మూడు దేశాల దళారులు. అతనికి దాని వలన మేలు కలిగినదా అన్న ప్రశ్నకు కుంఫిణీల లెక్కల పుస్తకాలు సమాధానం చెప్పవు.

1750లో దక్కను సుబేదారీకి వచ్చిన ముజఫర్ జంగు తనకు తోడ్పడిన ఫ్రెంచివారికి మచిలీపట్టణం మొదలైన వానితో పాటు యానాంపై కూడ హక్కులను కట్టబెట్టాడు. 1753లో సేనాని బుస్సీ ఉత్తర సర్కారులను సంపాదించటంతో కొద్దికాలం పాటు కోస్తా తెలుగుదేశమంతా ఫరాసుల చెప్పుచేతలలోనికి వచ్చినది. 1757లో బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు పక్షాన నిలిచినది ఈ బుస్సీయే. ఆ కథ తెలుగునాట బుర్రకథగా, నాటకంగా, చలనచిత్రంగా ఎరుగనివారు లేరు. అయితే ఆ ఏలుబడి నిలువలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద జరిగిన యుద్ధంలో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఆంగ్ల సైన్యం కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యాన్ని ఓడించినది. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్టణం కూడ చేజారినది. చందుర్తి యుద్ధానికి పాఠ్యపుస్తకాలలో ఒక్క పంక్తికి మించి చోటు లేదు. కాని తెలుగుదేశంలో ఫ్రెంచి సామ్రాజ్యమో ఆంగ్ల సామ్రాజ్యమో తేలినది ఆ పొలాలలోనే.

ఆ తరువాత అర్ధశతాబ్ది పాటు యానాం ఒక బంతి వలె ఇద్దరి చేతులలో ఎగిరినది. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడెల్లా ఆంగ్లేయులు దానిని పట్టుకొనుట, సంధి కుదిరినప్పుడెల్లా తిరిగి ఇచ్చివేయుట ఆనవాయితీ అయినది. ఫ్రెంచి విప్లవ కాలంలో యానాంకు అధిపతిగా ఉన్నవాడు పియర్ సోనెరా. ఇతడు పాలకుడుగా కంటె ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధుడు. రాజపాళయానికి పడమట ఉన్న కొండలలో సంచరించే బూడిదరంగు అడవికోడికి శాస్త్రీయ నామంలో చేర్చినది ఈ సోనెరా పేరునే. సేత్తూరు కొండవాలులో తెల్లవారుజామున ఆ కోడి కూత వినేవారికి, దాని పేరులో యానాం దొర ఒకడు దాగి ఉన్నాడని తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1793లో మరల యుద్ధం, మరల ఆంగ్లేయుల స్వాధీనం. నెపోలియన్ పతనానంతరం, 1816-17లో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగర్‌లతో పాటు యానాం తుదిసారిగా ఫ్రెంచివారికి దక్కినది.

దక్కినదే గాని, కోటలు లేవు, సైన్యం లేదు. 1815 నాటి ఒప్పందం ప్రకారం ఫ్రెంచి ప్రాంతాలలో తయారయ్యే ఉప్పు పైన కూడ అధికారం ఆంగ్లేయులకు పోయినది. అందుకు ప్రతిఫలంగా ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఫ్రెంచి ప్రభుత్వానికి ముట్టేవి. యంత్రాలపై నేసిన ఇంగ్లండు బట్ట వచ్చిన తరువాత మగ్గాలు మూలపడినవి. ఇక ఆ రేవు నుండి ఎగుమతి చేయటానికి మిగిలినది మనుష్యులే. ఫ్రెంచివారి రీయూనియన్ ద్వీపంలో చెరకుతోటలకు 1828లో చేరిన తొలి ఒప్పంద కూలీలు యానాం నుండి ఓడ ఎక్కిన తెలుగువారు. ఆంగ్లేయ ప్రభుత్వం అక్కడి దురవస్థలను చూసి 1882లో ఆ వలసను నిలిపివేయు దాకా వేలాదిమంది భారతీయులు ఆ ద్వీపానికి చేరారు. ప్రక్కనున్న కోరింగ నుండి మారిషస్సుకు, బర్మాకు తరలినవారు మరెందరో. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. తాము ఎక్కిన రేవు పేరే తమ జాతికి పేరుగా మారిన వారి కథ తెలుగు చరిత్రలో ఇంకను సరిగా వ్రాయబడలేదు.

1880లో వచ్చిన ఫ్రెంచి శాసనం ప్రకారం యానాంలో పురపాలక సంఘం ఏర్పడినది. పరిపాలకుడు పుదుచ్చేరి గవర్నరుకు లోబడి ఉండేవాడు. జూలై 14న ఫ్రెంచి జాతీయ దినోత్సవం జరిగేది. నాలుగు అడుగులు వేస్తే మద్రాసు రాజధానికి చెందిన ఆంగ్లేయ భూమి. ఈ గీత ఒకటి నేలమీద లేకున్నను చట్టంలో ఉండుట వలన కొన్ని విచిత్రములు జరిగినవి. మంగళవారం నాడు జరిగే సంతకు, విదేశీ వస్తువులు చవుకగా దొరుకునని, చుట్టుప్రక్కల తాలూకాల నుండి జనం తండోపతండాలుగా వచ్చేవారు. పన్ను కట్టని సరుకు రాత్రివేళ పడవలలో గీత దాటేది.

అంతకంటె బాధాకరమైనది మరొకటి. 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన శారదా చట్టం, పదునాలుగేండ్లు నిండని బాలికలకు వివాహం చేయటాన్ని నిషేధించినది. కాని అది ఆంగ్లేయ భారతానికి వర్తించే చట్టం. యానాంలో అది చెల్లదు. అందుచేత బాల్యవివాహం తలపెట్టిన కుటుంబాలు పెండ్లిబృందాలతో యానాంకు తరలివచ్చి, మూడు ముళ్లు వేయించుకొని, మరునాడు తిరిగి వెళ్లేవి. ముహూర్తాల రోజులలో ఊరు పందిళ్లతో నిండిపోయేది. దానికి ‘కల్యాణపురం’ అని పేరు కూడ వచ్చినది. పేరు అందమైనదే. ఆ పందిళ్ల క్రింద కూర్చుండబెట్టబడిన బాలికలలో ఎందరి చదువు అంతటితో ఆగినదో మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు.

1947 ఆగస్టు 15న యూనియన్ జాక్ దిగినది గాని, యానాంలో ఫ్రెంచి పతాకం అలాగే ఎగురుతూ ఉన్నది. 1948 జూన్‌లో భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు ప్రజల అభిప్రాయాన్ని తెలుసుకొనుటకు అంగీకరించాయి. 1949లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణతో చంద్రనగర్ భారతదేశంలో కలిసినది. మిగిలిన నాలుగింటి సంగతి నలుగుతూ ఉండగా, యానాం చుట్టూ ఉన్న తూర్పు గోదావరి జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ రాష్ట్రానికి 1949 నుండి 1952 వరకు ప్రధానిగా, ఆ వెనుక ముఖ్యమంత్రిగా ఉన్నవారు రాజపాళయం వాస్తవ్యులైన పి.ఎస్. కుమారస్వామి రాజా. ఇంట తెలుగు మాట్లాడే ఒక తమిళనాటి నాయకుడు పాలించే రాష్ట్రం, ఫ్రెంచి వారు పాలించే ఒక తెలుగు ఊరిని నాలుగు వైపుల చుట్టుకొని ఉండటం ఆ కాలపు విచిత్రాలలో ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడటంతో యానాం పొరుగు మారినది, యానాం మారలేదు.

1954లో పరిస్థితి వేడెక్కినది. ఫరంపేటలో జన్మించిన దడాల రఫేల్ రమణయ్య విమోచనోద్యమానికి నాయకత్వం వహించారు. మేయరు మద్దింశెట్టి సత్యానందం మొదలైన స్థానిక నాయకులు విలీనం వైపు మొగ్గారు. 1954 జూన్ 13న స్వచ్ఛంద సైనికులు యానాంలో ప్రవేశించి పాలనను హస్తగతం చేసికొన్నారు. మరుసటి నెలలో మాహే కూడ విముక్తమైనది. ఆ ఏడాది నవంబరు 1న నాలుగు ప్రాంతాల పరిపాలన భారత ప్రభుత్వానికి సంక్రమించినది. 1956 మే 28న విలీన ఒడంబడికపై సంతకాలు జరిగాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై, చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తియైనది. అందుచేతనే పుదుచ్చేరి ప్రాంతాలలో ఆగస్టు 15 మరునాడు కూడ జెండాపండుగ వంటిదే. అప్పటి ఒడంబడిక ప్రకారం ఆరునెలలలోగా కోరుకొన్నవారికి ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకొనే హక్కు లభించినది. ఆ విధంగా కోరుకొన్న కుటుంబాలు కొన్ని నేటికీ ఫ్రాన్సు ఎన్నికలలో ఓటు వేస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా తలెత్తుతుంది. 1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై ఆంధ్రప్రదేశ్ అవతరించినది. తెలుగు మాట్లాడే యానాం, అన్ని వైపుల ఆంధ్ర నేలయే ఉండగా, అందులో ఎందుకు చేరలేదు? కారణం ఆ 1956 ఒడంబడికలోని రెండవ అధికరణం. 1954 నవంబరు 1కి పూర్వం ఈ ప్రాంతాలకు ఉన్న ప్రత్యేక పరిపాలనా హోదా కొనసాగుతుందనియు, దానిలో రాజ్యాంగపరమైన మార్పు చేయవలసినచో ప్రజల అభీష్టాన్ని తెలుసుకొన్న పిమ్మటనే చేయవలెననియు అందులో వ్రాసుకొన్నారు. రెండు దేశాల మధ్య కుదిరిన ఆ వాక్యం, భాష గీచిన సరిహద్దు కంటె బలమైనదిగా నిలిచినది. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయి ఈ నాలుగు ప్రాంతాలను పొరుగు రాష్ట్రాలలో కలుపుట మంచిదన్నప్పుడు పుదుచ్చేరిలో తీవ్రమైన ఆందోళన చెలరేగినది. ఆ ఆలోచన అంతటితో ఆగిపోయినది. ఒకే భాష మాట్లాడేవారు ఒకే పాలన క్రింద ఉండాలని కోరుకొంటారన్న సాధారణ భావనకు యానాం లొంగదు. చిన్నదిగా, వేరుగా ఉండుటలో గల సౌకర్యాన్ని ఆ ఊరు రెండున్నర శతాబ్దాలుగా ఎరుగును.

1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం క్రింద పుదుచ్చేరికి శాసనసభ ఏర్పడినది. అందులో ఎన్నికయ్యే సభ్యులు 30 మంది. యానాం వాటా ఒక్కటి. ముప్పది గొంతులలో ఒక్క తెలుగు గొంతు. అయినను ఆ ఒక్క స్థానం బరువు తక్కువది కాదు. 2021 ఎన్నికలలో ఎన్. రంగస్వామి రెండు నియోజకవర్గాలలో పోటీచేసి, యానాంలో ఒక స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడి, రెండవ స్థానం నుండి గెలిచి ముఖ్యమంత్రి అయినారు. స్థానికంగా పాలన ప్రాంతీయ పరిపాలనాధికారి చేతిలో ఉంటుంది. నిత్యజీవితం మాత్రం రెండు దిక్కులకు లాగబడుతూ ఉంటుంది. యానాం పిన్‌కోడు 533464, అది ఆంధ్ర వరుసలోనిది. టెలిఫోను సంకేతం కాకినాడది. బండికి వేసే అంకె పుదుచ్చేరిది. పైకోర్టుకు వెళ్లవలసి వస్తే మద్రాసు హైకోర్టు. ఉత్తరం ఒక రాష్ట్రం మీదుగా వస్తే, తీర్పు మరొక రాష్ట్రం నుండి వస్తుంది!

జీవనోపాధి విషయానికి వస్తే, వరి, కొబ్బరి, చేపలు, ఈ మూడే పూర్వం నుండి ఆధారం. ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట గోదావరి డెల్టానంతటినీ మార్చివేసినది. వానాకాలంలో ఎర్రనీరు దిగినప్పుడు సముద్రం నుండి నదిలోనికి ఎదురీదే పులస చేప యానాం రేవులో వేలానికి వస్తుంది. మత్స్యకార స్త్రీలు నడిపే ఆ వేలంలో ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఆ ప్రాంతానిదే. 1980ల తరువాత పన్నుల రాయితీ మూలంగా పరిశ్రమలు వచ్చాయి. పింగాణీ పలకలు చేసే ఒక పెద్ద కర్మాగారం వందలాది కుటుంబాలకు పని కల్పించినది. 2012 జనవరి 27న అక్కడ కార్మిక వివాదం హింసగా మారి, ఒక కార్మిక నాయకుడు, కంపెనీ అధ్యక్షుడు కూడ ఒకే రోజున ప్రాణాలు కోల్పోయారు. కర్మాగారం మూతపడి ఊరంతా చాలాకాలం కష్టపడినది. పుదుచ్చేరి పన్నులు వేరు కావటం వలన మద్యం చవుక. చుట్టుప్రక్కల జిల్లాల నుండి దానికై వచ్చేవారి సంఖ్య దాచదగినది కాదు. నాటి మంగళవారం సంతకు ఇది వారసత్వమే అయినను, సంతోషించదగిన వారసత్వం కాదు. 2001లో 31 వేలు దాటిన జనాభా 2011 నాటికి 55 వేలు దాటినది. గీతకు ఇవతల ఇల్లు కట్టుకొనుటలో గల లాభాన్ని పొరుగువారు బాగుగా గ్రహించారని ఈ అంకెలు చెప్పుచున్నవి.

యానాం వీధులలో నడిచేవారికి మూడు కట్టడాలు చూపుకు వస్తాయి. ఫ్రెంచి మతాచార్యుల కాలంలో, 1846లో పూర్తియైన సెయింట్ ఆన్స్ కేథలిక్కు చర్చి ఒకటి. దాని సమకాలికమైన మసీదు రెండవది. మూడవది వేంకటేశ్వరస్వామి ఆలయం. ఇక్కడి స్వామికి మీసాలు ఉండుట విశేషం. భక్తులు ‘మీసాల వెంకన్న’ అని ప్రేమగా పిలుస్తారు. ఈ వెంకన్న నీడలో పెరిగిన బాలుడే తరువాతి కాలంలో తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. ఆయన 1870లో కడియంలో జన్మించి, బాల్యాన్ని, తొలి చదువును యానాంలో గడిపారు. ఊరూరా ఏనుగునెక్కి అవధానాలు చేసిన మహాకవికి అక్షరాలు దిద్దించినది ఫ్రెంచి జెండా క్రింది తెలుగు వీధి. మన కాలంలో కవి శిఖామణి యానాం వారే. మరొక కవి బొల్లోజు బాబా ఫ్రెంచి కాలపు పత్రాలను వెదకి ‘ఫ్రెంచి పాలనలో యానాం’ అనే గ్రంథం వ్రాశారు. ఒక చిన్న ఊరు తన చరిత్రను తన వారి చేతనే తెలుగులో వ్రాయించుకొనగలుగుట ఘనతయే.

రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచి పాలన సాగినను యానాం ఇండ్లలో భాష మారలేదు. ఆవలి ఒడ్డున కోనసీమ, ఈవలి ఒడ్డున కాకినాడ; పెండ్లి సంబంధాలు, పండుగలు, పొలాలు అన్నీ ఆ రెండింటితోనే. ఫ్రెంచి కచేరీలో పని చూచుకొన్నవాడు ఇంటికి వచ్చి గోదావరి యాసలోనే మాట్లాడేవాడు. పుదుచ్చేరి అధికార భాషా చట్టం 1965లో తమిళాన్ని అధికార భాషగా ప్రకటించినప్పుడు, మాహేకు మలయాళాన్ని, యానాంకు తెలుగును గుర్తించినది. తమిళ ప్రధానమైన ప్రభుత్వంలో తెలుగుకు చట్టబద్ధమైన స్థానం లభించిన చోటు యానాం.

రాజపాళయం, సేత్తూరు ప్రాంతాల తెలుగు కుటుంబాల పరిస్థితి దీనికి తలక్రిందులు. ఇక్కడ గీత లేదు, ఒడంబడిక లేదు, భాషకు ప్రత్యేకమైన ఊరు లేదు. విజయనగర కాలం నుండి వచ్చినవారమని చెప్పుకొనే కుటుంబాలు తమిళ వీధి నడుమ ఇంటిలోపలి తెలుగును తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చాయి. చుట్టూ తెలుగు ఉన్నందున యానాం పిల్లవాడికి మాట్లాడే భాష పోదు. వ్రాసే భాష బడిలో దొరికినది. ఇక్కడి పిల్లవాడికి మాట ఇంటి నుండి వస్తే, లిపి బడి నుండి తప్ప వేరెక్కడి నుండియు రాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని దశలవారీగా ప్రతి తరగతికి తప్పనిసరి చేసిన తరువాత, భాషాల్పసంఖ్యాకుల పిల్లలు తమ మాతృభాషలో పరీక్ష వ్రాయుటకు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చిన సంగతి తల్లిదండ్రులకు తెలిసినదే.

యానాంలో ఆ బెంగ లేదని చాలాకాలం అనుకొన్నారు. అక్కడి ప్రభుత్వ పాఠశాలలు ఆంధ్ర పాఠ్యపుస్తకాలనే చదివించేవి. పిల్లలు ఆంధ్ర బోర్డు పరీక్షలే వ్రాసేవారు. మాహే పిల్లలు కేరళ పుస్తకాలు, కారైకాల్ పిల్లలు తమిళనాడు పుస్తకాలు చదివినట్లే ఇదియును. పుదుచ్చేరి ప్రభుత్వం 2023-24 విద్యాసంవత్సరం నుండి తన పాఠశాలలను కేంద్రీయ బోర్డు పాఠ్యప్రణాళికకు మార్చినది. నాలుగు చోట్ల నాలుగు విధాలుగా ఉన్న చదువు ఒక్కటి కావటంలో సౌకర్యం ఉన్నది. పై చదువుల పోటీ పరీక్షలకు అది తోడ్పడుతుందన్న వాదంలోను బలం ఉన్నది. కాని గణితం, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం ఇక ఆంగ్లంలో చదవవలసిన బాలునికి తెలుగు ఒక్క వాచకంగా మిగులుతుంది. ఫరాసువారి కచేరీ, ఆంగ్లేయుల సుంకపు చౌకీ, రెండు ఉప్పెనలు చేయలేకపోయిన పనిని ఒక పాఠ్యప్రణాళిక చేయగలదా అని అక్కడి ఉపాధ్యాయులు ఇప్పుడు ఆలోచింపవలసి ఉన్నది. సేత్తూరులోని తెలుగు ఉపాధ్యాయులకు ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రతి జూన్ నెలలోను, ఒకటవ తరగతి ప్రవేశాల పట్టిక తెరచినప్పుడు, వారి ముందు కూర్చునేది ఇదే.